ఒరల చరిత్రము: నడుముకత్తి మొదలు జేబుపిస్తోలు దాక

ఆయుధముల చరిత్రము వ్రాయువారు కత్తి పదునును, తుపాకి గొట్టపు నిడివిని, గుండు పోవు దూరమును శ్రద్ధతో లెక్కింతురు గాని, ఆ ఆయుధము పనిలేని వేళల నెచట నుండెనో, ఎవరి నడుమున నే తోలుతిత్తిలో నొదిగియుండెనో విచారింపరు. విచారించి చూచినచో, ఆయుధము చేతిలోనికి వచ్చుట దాని యాయుర్దాయమున నే కొన్ని క్షణములో. తక్కిన కాలమంతయు నది ఒరలోనే గడపును. ఒక సంఘము ఆయుధముతో నెట్లు కాపురము చేసినదో తెలిసికొనవలెనన్న కత్తికంటె ఒరయే నమ్మదగిన సాక్షి. విశాఖపట్టణ తీరమును, దాని వెనుకనున్న మన్యమును, ఉత్తరముననున్న విజయనగర బొబ్బిలి సీమలను కలిపి చూచినచో, నలుగురి యెదుట నడుమున మెఱసిన కటారు, నేడు చొక్కా క్రిందనో జేబు లోపలనో కనబడకుండ నొదిగిన చిన్న పిస్తోలుగా మారుటకు నడుమ జరిగిన కథ యంతయు ఈ ఒరల వలననే తెలియవచ్చును.

పూర్వము మన దేశమున జేబు లేదు, నడుము కలదు. ధోవతిపైని గాని అంగరఖాపైని గాని పలుచుట్లుగా బిగించిన దట్టీయే మనవారి పెట్టె, సంచి, ఒరకు ఆధారము. తాంబూలపు తిత్తి, రూకల మూట, పిడిబాకు, అన్నియు రొండినే యుండెడివి. కటారునకు పిడి యడ్డముగా నుండును గనుక, దాని ఒర దట్టీలో ఏటవాలుగా దోపినచో పిడి మాత్రము పైకి నిలిచి, కుడిచేయి సహజముగా పోయి పట్టుకొనుటకు వీలైన చోట నమరును. ఒరను తేలికకొయ్యతో రెండు పలకలుగా తొలిచి యతికించి, పైని తోలో మకమలో తొడిగి, కొనకు లోహపు తొడుగు వేసెడివారు. జమీందారుని కొలువునకు పోవు బంటు దానిని దాచుకొనవలసిన యవసరము లేదు. దాచుకొన్నచో ననుమానమునకు పాత్రుడగును. కనబడు నాయుధము మర్యాద, కనబడని యాయుధము ద్రోహమని ఆనాటి వారి భావము.

ఈ భావము ఎంత బలమైనదో బొబ్బిలి కథ వినినవారికి చెప్పనక్కరలేదు. 1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోటను కూల్చగా, కొన్నాళ్లలోనే బొబ్బిలి పక్షపు తాండ్ర పాపారాయడు రాత్రివేళ విజయనగర ప్రభువైన విజయరామరాజు డేరా జొచ్చి బాకుతో పొడిచి చంపెను. కోటముందఱ జరిగిన యుద్ధమున పొడవైన ఖడ్గములు, బల్లెములు, తుపాకులు పనిచేసినవి. డేరాలో పని నెరవేర్చినది మాత్రము గుప్పెట పట్టు పొట్టి ఆయుధము. మన ప్రజలు పాపారాయని ద్రోహిగా నెంచక వీరునిగా పాడుకొనుచున్నారనిన, అతడా కార్యమునకు పిదప తప్పించుకొని పోవ యత్నింపక తన ప్రాణమును తానే విడిచెనని వారు నమ్ముటయే కారణమని నా యభిప్రాయము. దాచిన బాకునకు అతడు దాచని ప్రాణముతో వెల చెల్లించెను.

ఒర చేసినవారి మాట యొకటి యిచట చెప్పక పోరాదు. పశుచర్మమును సున్నపునీట నానవేసి, వెండ్రుకలు గీకి, లందలో తంగేడు చెక్కతోను కరక్కాయలతోను దినముల తరబడి నూరవేసి, త్రొక్కి, ఆరబెట్టి, ఆరెతో బెజ్జములు పొడిచి నూలుత్రాటిని మైనము పట్టించి కుట్టిన మాదిగ పనివాని చేతిలోనుండియే తోలు ఒర పుట్టినది. తంగేటి చెక్క కషాయమున పండిన తోలు గట్టిపడియు పెళుసు గాక, తడిసిన వేళ రూపు మార్చుకొని ఆరిన వేళ ఆ రూపునే నిలుపుకొనును. తడితోలును వస్తువుపై నద్ది ఆరబెట్టి దాని యాకారమునకు ఒరను దిద్దుట యీ గుణము వలననే సాధ్యమైనది. రాజుల నడుములకు ఒరలు కట్టిన యీ చేతులను ఊరివెలుపల నుంచి, వారి పేళ్లను ఏ శాసనమునను చెక్కక పోవుట మన చరిత్రకు తీరని కొఱత. కత్తి చేసిన కమ్మరి పేరైన నెచటనో యొకచోట దొరకవచ్చును. ఒర కుట్టినవాని పేరు దొరకదు.

1682లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు విశాఖపట్టణమున వర్తకశాల నెలకొల్పిరి. వారితో వచ్చిన పిస్తోలునకు మొదట మనుష్యుని నడుముతో సంబంధము లేదు; గుఱ్ఱపు జీనుతోనే సంబంధము. జీను ముందుభాగమున ఇరుప్రక్కల వ్రేలాడు రెండు తోలుగొట్టములలో జంట పిస్తోళ్లుండెడివి. హోల్‌స్టరు అనునది మొదట ఆ గొట్టములకే చెల్లిన పేరు. నావికుల పద్ధతి వేఱు. ఓడ కొయ్యల నడుమ ఎగబ్రాకువారికి జీను లేదు, తోలుగొట్టము అడ్డము. కావున ఓడపిస్తోలు ప్రక్కన పొడవైన ఇనుప కొక్కెమును బిగించి, దానిని నడుముపట్టెకు తగిలించుకొనిరి. రేవు పట్టణమైన విశాఖకు వచ్చిపోవు నావికుల నడుమున ఈ కొక్కెపు పిస్తోళ్లు వ్రేలాడుచుండెడివని యూహించుట తప్పు గాదు. చెకుముకి ఱాయి పట్టిన పైకొక్కి బట్టకు తగులుకొనును, పళ్లెములోని మందు ఉప్పుగాలికి చెమ్మగిల్లును; అట్టి పిస్తోలును జేబున దాచుకొనుట కష్టము. 1780 అక్టోబరు 3వ తేదీన మద్రాసునకు ఓడ నెక్కమని యాజ్ఞాపించినప్పుడు విశాఖపట్టణపు సిపాయిలు తిరుగబడిననాడును, 1794 జూలై 10వ తేదీన పద్మనాభమున విజయనగరపు రాజు పడిననాడును పోరు నడిపినవి పొడుగు తుపాకులే గాని చిన్న పిస్తోళ్లు గావు.

పందొమ్మిదవ శతాబ్దమున చెకుముకికి బదులు రాగిటోపీ వచ్చిన తరువాత పిస్తోలు జేబునకు మఱింత అనువైనది. ఫిలడెల్ఫియా నగరపు హెన్రీ డెరింజరు చేసిన అరచేతి పిస్తోలు కోటు జేబున నిముడును. 1865 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి నాటకశాలలో అబ్రహాము లింకనును బలిగొన్నది అట్టిదే. అంతకు ముందే మన దేశమున ఇంగ్లీషు సేనాధికారి సామ్ బ్రౌను 1858 నాటి పోరులో ఎడమచేయి పోగొట్టుకొని, ఒంటిచేతితో కత్తి దూయుటకు వీలుగా భుజముమీదుగా పోవు వారుతో నడుముపట్టె నొకదానిని కల్పించుకొనెను. దాని కొకప్రక్క కత్తియు, మఱియొక ప్రక్క మూతగల తోలు పిస్తోలు ఒరయు నమరినవి. భారతదేశపు గాయమునుండి పుట్టిన ఆ పట్టెయే లోకమందలి సేనాధికారులకును, మన పోలీసు అధికారులకును నడుమలంకారమైనది.

1878లో వైస్రాయి లిట్టను ప్రభుత్వము ఆయుధముల చట్టము చేసెను. భారతీయుడు లైసెన్సు లేక ఆయుధము ధరింపరాదు. తెల్లవారికిని, కొందఱు బిరుదాంకితులకును మినహాయింపు. నడుమున కటారు దోపుకొని తిరిగిన జాతికి ఇది ఎట్టి యవమానమో నాటి నాయకులందఱు నెఱిగినదే. 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానమున నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కును చేర్చుటకు కారణ మదియే. కాని చట్టము మన్యమును పూర్తిగా నిరాయుధము చేయలేకపోయెను. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై బడి తుపాకులను, తూటాలను స్వాధీనపఱచుకొని, తీసికొన్నవాని వివరము ఠాణా పుస్తకమున వ్రాసి సంతకము చేసిపోయెనని ప్రసిద్ధి. దాచిపెట్టుటకు వేలమైళ్ల దూరమున నిలిచిన యాయుధమిది. అంతకు ఎనిమిదేండ్ల ముందు వంగదేశపు విప్లవకారులది వేఱు మార్గము: 1914 ఆగస్టు 26వ తేదీన కలకత్తా రోడ్డా కంపెనీకి వచ్చిన సరుకులోనుండి 50 మౌజరు పిస్తోళ్లను, 46,000 తూటాలను మాయముచేసి ఇంటింట దాచిరి. ఆ మౌజరునకు కొయ్యపెట్టె యొర. ఆ పెట్టెనే పిడికి తగిలించినచో భుజమున నాన్చుకొను మడమ యగును. ఒరయే ఆయుధములో భాగమైన విచిత్రమది. కాని జేబున పట్టదు.

జేబున పట్టునది జాన్ బ్రౌనింగు చేసిచ్చెను. బెల్జియమునందలి ఎఫ్.ఎన్. కార్ఖానా అతడు రూపొందించిన 6.35 మిల్లీమీటర్ల పిస్తోలును 1905, 1906 ప్రాంతమున అంగడికి తెచ్చెను. రమారమి నాలుగున్నర అంగుళముల పొడవు, నాలుగు వందల గ్రాములకు లోపు బరువు. అమెరికాలో కోల్టువారును, బర్మింగుహామున వెబ్లీ స్కాటువారును అట్టివే చేసిరి. వీని పరిమాణమే చెప్పుచున్నది, ఇవి తెల్లదొర కోటు లోపలి పొట్టిచొక్కా జేబునకు ఉద్దేశింపబడినవని. వాల్తేరు మెట్టమీది బంగళాలలో కాపురమున్న యుద్యోగులకు అట్టి జేబులుండెను. పంచె కట్టి ఉత్తరీయము వేసికొన్న పట్టణపు వర్తకునకు లేవు. లాల్చీకి ప్రక్కజేబు వచ్చినపిమ్మటను, ఆ పలుచని బట్ట ఇనుము బరువునకు సాగి, నడచినప్పుడెల్ల తొడకు కొట్టుకొనుచు, లోపలి వస్తువు రూపును వీధివారి కందఱకు చాటెడిది.

ఇచటనే జేబు ఒర యొక్క యవసరము పుట్టినది. వట్టి జేబులో వేసిన పిస్తోలు ఒకచోట నిలువదు. నడకతో తలక్రిందులై, గొట్టము పైకిని పిడి క్రిందికిని తిరుగును. దానితోడ తాళపుచెవులో, చిల్లరయో, కలమో ఉన్నచో వానిలో నేదైన పేల్చు మీట కన్నమున దూరి, తీయువేళ మీటను నొక్కవచ్చును. ఆ గుండు తన తొడకే తగులును. నూలు పీచు, ముక్కుపొడి, చెమట గొట్టములోనికిని పనిముట్టులోనికిని జొచ్చి, కావలసిన వేళ దానిని మొండికేయించును. జేబు ఒర ఈ మూడు కష్టములను ఒక్క చిన్న తోలుముక్కతో తీర్చును. మీటను దాని చుట్టు కమ్మిని పూర్తిగా కప్పుట దాని ప్రథమ ధర్మము. ఇతరగుణము లెన్ని యున్నను ఈ యొక్కటి లేనిచో అది ఒర గాదు, వట్టి సంచి. పిస్తోలును నిలువున, పిడి చేతికందు తీరున నిలుపుట రెండవది. బయటి యాకారమును చదునుచేసి, చూచువానికి అది రూకల సంచియో, చేతిపుస్తకమో యనిపించుట తరువాతి మాట.

మంచి జేబు ఒరను చేతబట్టి చూచినచో దాని నేర్పంతయు రెండు ముఖములలో నున్నదని తెలియును. లోపలి ముఖము నున్నగా నుండవలెను, పిస్తోలు జారి వచ్చుటకు. వెలుపలి ముఖము గరుకుగా నుండవలెను, జేబు బట్టను పట్టుకొని తాను వెనుకనే నిలుచుటకు. అందుకే కొందఱు పనివారు తోలును తిరగవేసి గరుకువైపు బయటికి పెట్టి కుట్టుదురు. మఱికొందఱు అడుగున నొక కొక్కెపు మూలను విడిచి, అది జేబు అంచున తగులుకొని ఒరను ఆపునట్లు చేయుదురు. పిస్తోలుతో బాటు ఒరయు చేతికి వచ్చినచో అంతకంటె నిరుపయోగమైనది లేదు. నేటి దినములలో నైలాను గుడ్డతోను, వేడిచేసి అచ్చుదిద్దిన గట్టి ప్లాస్టిక్కుతోను చేయుచున్నారు. గుడ్డది మెత్తనై జేబున హాయిగా నుండును గాని, కాలక్రమమున సాగి నోరు వాలిపోవును. ప్లాస్టిక్కుది రూపు చెడదు, చెమటను పీల్చదు గాని, పలుచని పంట్లాము జేబున కోణములు పొడుచుకొని కనబడును. ఒర కొనువాడు తన పిస్తోలునే గాక తన దుస్తులను కూడ దుకాణమునకు తీసికొని పోవలెను. ముందుజేబు లోతుగా, నోరు వెడల్పుగా, అస్తరు గట్టిగా నుండవలెను. ఒర యున్న జేబులో మఱి యే వస్తువును వేయరాదు. వెనుకజేబు దీనికి పనికిరాదు, కూర్చుండినవాడు దానిని తీయలేడు. తూటాలు తీసివేసి, నిజముగా ఖాళీయైనదని రెండుమార్లు చూచుకొని, తన కుర్చీలోను బండిమీదను కూర్చుండి అభ్యాసము చేసికొన్నవానికే అది తగినదో కాదో తెలియును. పిస్తోలును తిరిగి ఒరలో నుంచునప్పుడు ఒరను జేబునుండి పైకితీసి, కన్నులతో చూచుచు నుంచి, పిమ్మట రెంటిని కలిపి జేబున పెట్టుట నేర్చినవారి పద్ధతి.

విశాఖలో నివసించువాడు దీనికి మఱియొక్క జాగ్రత్త చేర్చుకొనవలెను. ఇచట సముద్రపు గాలి యింటిలోనికి వచ్చి కిటికీ చువ్వలను తినివేయును. వేసవిలో పంట్లాము జేబు మధ్యాహ్నమునకే చెమటతో తడియును. తోలు ఆ తడిని పీల్చి నిలువచేసికొనును. తోలు నూరవేసిన రసాయనముల శేషము దానితో కలసి ఉక్కునకు తుప్పు పుట్టించును. కావున పిస్తోలును మోయుటకే గాని నిలువచేయుటకు తోలు ఒర తగదని తుపాకి పనివారందఱు నొక్కమాటగా చెప్పుదురు. సాయంకాలము ఇంటికి రాగానే తూటాలు తీసి, పొడిగుడ్డతో తుడిచి, పలుచగా నూనె పట్టించి, ఒరను వేఱుగా నారవేసి, పిస్తోలును తాళము వేసిన పెట్టెలో నుంచుట ఈ ఊరివానికి నిత్యవిధి. ఎండసీమవాడు ఈ తుడుపును వారమున కొకసారి చేసినను చాలును.

1933లో విశాఖ రేవు తెఱవబడి, డిసెంబరు 19వ తేదీన వైస్రాయి విల్లింగ్‌డన్ దానిని ప్రారంభించెను. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారి విమానములు దానిపై బాంబులు వేసినవి. ఆ యుద్ధకాలమున నావికాస్థావరమునకు, రేవు రక్షణకు వచ్చిన యధికారుల నడుమున సామ్ బ్రౌను తోలుపట్టె తగ్గి, 1937 నమూనా నూలుపట్టెయు, దానికి తగిలించిన నూలు హోల్‌స్టరును వచ్చినవి. ఆరబెట్టినచో ఆరును, మాసినచో ఉతుకవచ్చును, బూజు పట్టినను పారవేసి మఱియొకటి తెచ్చుకొనవచ్చును. వేల సంఖ్యలో కావలసినప్పుడు లందయు ఆరెయు అందుకొనలేవు. చేతిపని ఒర సైన్యమునుండి క్రమముగా తొలగెను.

స్వాతంత్ర్యానంతరము 1959లో చేసిన ఆయుధముల చట్టము 1962 అక్టోబరు 1వ తేదీన అమలునకు వచ్చినది. సైన్యము, పోలీసులు వాడు .38, .455, 9 మిల్లీమీటర్ల పరిమాణములు సామాన్యునకు నిషేధింపబడగా, అతనికి మిగిలినది ముఖ్యముగా .32. ఎనుబదులలో విదేశపు తుపాకుల దిగుమతి నిలిచిపోయెను. కాన్పూరు స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వరే ముఖ్యమైన దిక్కైనది. జేబునకు చక్రపుగది గల రివాల్వరు చదునైన పిస్తోలుకంటె లావు. దాని ఒర ఉబ్బెత్తుగా నుండక తప్పదు. 2014 జనవరిలో కాన్పూరువారు స్త్రీల కొఱకని ‘నిర్భీక్’ అను ఐదు వందల గ్రాముల .32 రివాల్వరును తెచ్చి, దానిని నగలపెట్టె వంటి ముదురెఱుపు పెట్టెలో నమర్చి లక్షరూపాయలకు పైని వెలకు అమ్మిరి. అందమైన పెట్టె బల్లమీద నుంచదగినదే. కాని చీర కట్టిన స్త్రీకి, చుడీదారు తొడిగిన పిల్లకు అది నడుమునగాని జేబునగాని ఎట్లు నిలుచునో ఆలోచించినవారు తక్కువ. వారి దుస్తులకు జేబే లేదు. చేతిసంచిలో, దువ్వెనతోను అద్దముతోను కలిపి, ఒర లేక వేసికొని పోవుట అన్నిటికంటె అపాయకరము. ఆయుధమును స్త్రీ పేర చేసి, ఒరను మఱచిపోవుట నాకు బాధ కలిగించును.

ఉక్కు నగరపు వీధులలో నేడు రెండు విధములైన పిస్తోళ్లు తిరుగుచున్నవి. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని 1966లో ప్రాణములర్పించి సాధించుకొన్న కర్మాగారము ద్వారముల చెంతను, రేవు గేట్లచెంతను 1968 చట్టముతో ఏర్పడిన సి.ఐ.ఎస్.ఎఫ్. జవానులు బెల్టునకు బాహాటముగా ధరించినది యొకటి. చూచి భయపడవలయుననియే అది కనబడును. నాయకుల వెనుక సఫారీ చొక్కాను పంట్లాము పైకి వదలి నడచు గన్‌మన్ ధరించినది రెండవది. అతడు చొక్కాను ఎల్లప్పుడు ఒక కొలత వదులుగా కుట్టించుకొనును. కుడిప్రక్క చొక్కా అంచు కొంచెము క్రిందికి లాగినట్లుండును. బల్ల మీదికి వంగునప్పుడు ఎడమచేతితో ఆ అంచును సర్దుకొనును. ఆంధ్రదేశమున పుట్టి పెరిగినవా డెవడైనను ఆ సర్దుబాటును బట్టి మనిషిని గుర్తించును. మన్యపు దారులలో ప్రాణభయమున్న వారికి ఈ ఏర్పాటు అవసరమైనదే. 2018 సెప్టెంబరు 23వ తేదీన లివిటిపుట్టు వద్ద శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావును, మాజీ సభ్యుడు సివేరి సోమయును మావోయిస్టుల గుండ్లకు బలియైన దినమున ఎవరికిని దీని యవసరమును గూర్చి సందేహము కలుగలేదు.

సామాన్యుని విషయమున చట్టము 2016 నియమావళితో తుదకు ఒరను గూర్చి నోరు విప్పినది. బహిరంగస్థలమున చేతి తుపాకిని హోల్‌స్టరులోనో అట్టి పట్టుతిత్తిలోనో గాని మోయరాదు. అది పూర్తిగా కప్పబడియుండవలెను. మోయువానికి దానిపై సరియైన అదుపు ఉండవలెను. మూడు వందల యేండ్లనాడు బంటు దాచుకొన్నచో ద్రోహి; ఇప్పుడు లైసెన్సుదారుడు చూపినచో నేరస్థుడు. ఇది మంచి మార్పని నేను నిండుమనస్సుతో నమ్ముదును. సంతలోనో పెండ్లిపందిటిలోనో కనబడు పిస్తోలు నలుగురిలో నొక్కనికి గర్వమును, ముగ్గురికి భయమును పంచును. ఎన్నికలు ప్రకటింపబడినప్పుడెల్ల నగర పోలీసులు లైసెన్సుదారుల ఆయుధములను ఠాణాలలో అప్పగించుమని కోరుదురు; బ్యాంకు కాపలాదారులకు, క్రీడాకారులకు మినహాయింపులుండును. 2019 సవరణతో ఒకనికి మూడు తుపాకులకు బదులు రెండే అనుమతి. లైసెన్సు గడువు మాత్రము మూడేండ్లనుండి ఐదేండ్లకు పెరిగినది.

అదే 2016 నియమావళి లైసెన్సు కోరువానికి ఆయుధభద్రతను గూర్చిన శిక్షణను విధించినది. గుఱి చూచి కాల్చుట యెంత శ్రద్ధతో నేర్పుదురో, ఒర ఎంచుకొనుటయు నంతే శ్రద్ధతో నేర్పవలెనని నా కోరిక. లైసెన్సుదారుడు తాను రోజూ తొడుగు చొక్కాతోను పంట్లాముతోను శిక్షణకు వచ్చి, ఖాళీ పిస్తోలును జేబున వేసికొని మెట్లెక్కి, బండి యెక్కి, కూర్చుండి లేచి చూపవలెను. మీట కమ్మి కప్పబడలేదని గురువు గమనించినచో ఆ ఒరను అక్కడనే మార్పింపవలెను. సముద్రతీరపు ఊళ్లవారికి నూనెగుడ్డను చేతికిచ్చి తుడిపింపవలెను. దీనికి ఒక పూట చాలును.